ఈశాన్యం గోడ

పోతురాజు వచ్చేసరికి కామేశం మాస్టారు కొత్తింటి గేటుకి రంగు వేయిస్తున్నారు. నల్లరంగు మీద బంగారు పూలు. పువ్వుకీ పువ్వుకీ మధ్య ఎడం సమంగా రావడం లేదని రంగులవాడి పక్కనే పీట వేసుకుని కూర్చున్నారు. పాలకొల్లు హైస్కూల్లో లెక్కలు చెప్పే మనిషి. ఎడంలో తేడా వస్తే ఆయనకి అన్నం సయించదు.

పోతురాజు గేటు బయటే చెప్పులు విడిచాడు. ఇంకా గృహప్రవేశం కాని ఇల్లు, చుట్టూ ఇసకా కంకరా. అయినా విడిచాడు. తలకి చుట్టుకున్న తువ్వాలు తీసి భుజాన వేసుకుని గోడ వైపు ఒకసారి, మాస్టారి వైపు ఒకసారి చూశాడు.

"చేను పండిపోయిందండి," అన్నాడు. "కోత మిషను బుధవారం మనూళ్ళోకి వత్తందంట. దారి సంగతి తవరోసారి చూడాలండి."

"దారికేమైందయ్యా?"

"మిషను ఎల్లదండి."

పోతురాజు చేను ఈ ఇంటికి వెనకే ఉంది. దానికి రెండు వైపులా చేపల చెరువుల గట్లు లేచాయి, మూడో వైపు మురుగు కాలువ. నాలుగో వైపు, రోడ్డు వార, మాస్టారి చేను ఉండేది. రోడ్డు వార చేను ముందు కోసి లోపలి చేనికి దారి వదలడం ఇక్కడ ఎవరూ కాగితం మీద పెట్టుకోని పద్ధతి. ఒకరు అడిగేదీ లేదు, ఒకరు ఇచ్చేదీ లేదు. మాస్టారి చేలో మోళ్ళ మీంచి మిషను లోపలికి వెళ్ళేది, ధాన్యం ట్రాక్టరు బయటికి వచ్చేది. మొన్న వేసవిలో ఆ చేను వెంకటరాజు లేఅవుట్లో కలిసిపోయింది. పైరున్నన్నాళ్ళూ పేరు లేని నేలకి, ఎర్రమట్టి తోలాక 'హరిత నందనం' అని పేరొచ్చింది. అనుమతి మాత్రం రాలేదు. మండలాఫీసు వాళ్ళు 'ఇది అనధికార లేఅవుట్' అని రేకు బోర్డు పాతి వెళ్ళారు. తాపీవాళ్ళు దాన్ని పీకి దాని మీదే సిమెంటు కలుపుకుంటున్నారు. చేనుకి బదులుగా మాస్టారికి వచ్చిన ప్లాట్లలో రోడ్డు చివరిదాంట్లో ఈ ఇల్లు లేచింది.

"రోడ్డు చివర పలకలు నిలబెట్టారు, వాటి సంగతేనా?" అన్నారు మాస్టారు. లేఅవుట్ రోడ్డు చేను దగ్గర ఆగిపోయే చోట వెంకటరాజు సిమెంటు పలకలు పాతించాడు.

"ఆ పలకలూ ఉన్నాయండి." పోతురాజు ఇంకేదో అనబోయి మళ్ళీ గోడకేసి చూశాడు. "తవరికి తెలవనిదేవుందండి."

"మట్టి తోలేటప్పుడే చెప్పాను కదా, నీ దారికి నేను పూచీ అని. నా మాట మీద నమ్మకం లేదా?"

"అయ్యయ్యో, అదేం మాటండి."

"అయితే నువ్వెళ్ళు. రాజుగారి సంగతి నేను చూస్తాను. రైతుకి దారి మూసేస్తాడా ఆయన!"

పోతురాజు "ఆయ్," అన్నాడు. చెప్పులు చేత్తో పట్టుకుని రోడ్డు చివరికి నడిచి, పలకల్లో ఒకటి ఊడిన చోట పక్కకి తిరిగి దూరి తన చేలోకి దిగిపోయాడు. మాస్టారు చూస్తూనే ఉన్నారు. చూసి, ఇటు తిరిగి, "ఆ మూడో పువ్వు కాస్త ఎడమకి జరుపు," అన్నారు.

*

వెంకటరాజు ఆఫీసంటే లేఅవుట్ మొదట్లో రేకుల షెడ్డు. లోపల మాత్రం ఏసీ ఉంది. మాస్టారు వెళ్ళేసరికి రాజమహేంద్రవరం నుంచి ప్లాట్లు చూడడానికి వచ్చిన దంపతులు అక్కడ కూర్చుని ఉన్నారు. మనుషులుండడం మాస్టారికి బాగానే అనిపించింది. దారి పొడుగునా కూర్చుకున్న మాట వాళ్ళు కూడా వింటారు.

"రాజుగారూ, మీరు నేల తీసుకున్నారు గానీ రైతు మెడ కోసే హక్కు తీసుకోలేదండి," అన్నారు నిలబడే.

వెంకటరాజు కంగారు పడలేదు. ఎన్ని మాటలు పడ్డ మనిషో. "కూర్చోండి మాస్టారూ. మజ్జిగ తాగుతారా?"

"మజ్జిగ కోసం రాలేదండి. పోతురాజు చేను పండి నిలబడి ఉంది. సముద్రంలో వాయుగుండం అంటున్నారు. మీ పలకలు అడ్డంగా ఉంటే మిషను ఎలా వెళ్తుంది?"

"పలకలేనా అండీ? పీకించేద్దాం. పశువులు వచ్చేస్తన్నాయని పాతించాం గానీ చేనుతో మాకేం పగండి. కానీ మాస్టారూ..." వెంకటరాజు దంపతుల వైపు చూసి ఆగాడు. గొంతు తగ్గించి, "సర్లెండి. ముందు పలకలు తీయిద్దాం. తర్వాత తవరే చూద్దురు గాని," అన్నాడు.

మాస్టారు గెలిచినట్టే బయటికొచ్చారు. ఇంటికి వెళ్ళి టీచర్ల వాట్సాప్ గ్రూపులో రాశారు. అన్నం పెట్టే చేతికి ఈ డెల్టాలో దారి కూడా లేకుండా చేస్తున్నామనీ, చేలన్నీ చెరువులై, చెరువులు కానివి ప్లాట్లై, రేపు మన పిల్లలు వరి మొక్కని బొమ్మల్లో చూసుకోవాలనీ రాశారు. రాసింది తనకే బాగుందనిపించి ఇంకోసారి చదువుకున్నారు. కింద దణ్ణాలూ చప్పట్లూ పిడికిళ్ళూ వరసగా వచ్చాయి. ఎవరో 'మీలాంటి వారుండబట్టే' అన్నారు.

"చేతికి దారి సంగతి తర్వాత చూద్దురు గానీ, ముందు భోజనానికి రండి. అన్నం చల్లారిపోతోంది," అంది భార్య హైమవతి.

మర్నాడు స్కూల్లో ఇంటర్వెల్ బెల్లు కొట్టగానే వీఆర్వో రూబీకి ఫోన్ చేశారు. ఆ అమ్మాయి ఒకప్పుడు ఆయన దగ్గరే లెక్కలు చెప్పించుకుంది.

"కంప్లైంట్ ఇవ్వండి సార్, తీసుకుంటాను," అంది రూబీ. "కాకపోతే లేఅవుట్ మీద కంప్లైంటంటే మొత్తం లేఅవుట్ మీదేనండి. మీ ఇంటికీ ప్లాను లేదు కదా సార్. ఫలానా ఇల్లు వదిలేసి మిగతావి చూడమని రాయడానికి ఉండదు."

"అబ్బే, ఊరికే అడిగానమ్మా. రాజుగారు పలకలు తీసేస్తానన్నారులే."

"అదే మంచిది సార్," అంది. అందులో వెటకారం లేదు. ఉంటే బాగుండుననిపించింది మాస్టారికి. ఫోన్ జేబులో పెట్టుకుని స్టాఫ్ రూమ్‌లోకి వెళ్తే, సోషల్ టీచరు లేచి, "నిన్న మీరు రాసింది అదిరిపోయింది మాస్టారూ," అని చెయ్యి కలిపాడు.

*

బుధవారం పొద్దున్న మాస్టారు స్కూల్లో పర్మిషన్ పెట్టి వచ్చారు. ఈ పని దగ్గరుండి చూడాలి. ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని, పరీక్ష హాల్లో నిలబడ్డట్టు చేతులు వెనక్కి కట్టుకుని రోడ్డు చివర నిలబడ్డారు. పోతురాజు భార్య వీరదుర్గ ఖాళీ సంచులు తెచ్చి గట్టు మీద పెట్టింది. ధాన్యానికి మాట్లాడిన ట్రాక్టరు వచ్చి ఆగింది. వెంకటరాజు మనుషులు పలకలు ఒక్కొక్కటే పీకి చెరువు గట్టుకి చేరేశారు. ఆఖరి పలక లేవగానే అవతల చేను కనిపించింది. గింజ బరువుకి కంకులు వంగి, చేనంతా ఒకే రంగులో ఉంది.

"చూశావా పోతురాజూ, గట్టిగా అడగాలి, అంతే," అన్నారు మాస్టారు.

పోతురాజు నేల చూపులు చూస్తున్నాడు.

మిషను లేఅవుట్ సిమెంటు రోడ్డు మీద గడగడలాడుతూ వచ్చింది. కొత్త ఇళ్ళ వాళ్ళు మెట్ల మీదికొచ్చి చూశారు. మాస్టారి గేటు దాటింది, గోడ చివరికి వచ్చింది, ఆగింది. డ్రైవరు తమిళ కుర్రాడు. తల బయటికి పెట్టి అటు చూశాడు, ఇటు చూశాడు. కొంచెం వెనక్కి తీసి, మళ్ళీ ముందుకి తెచ్చి, ఇంజను ఆపేసి దిగాడు. మాస్టారి గోడకీ చెరువు గట్టుకీ మధ్య రెండు చేతులూ చాపి, తల అడ్డంగా ఊపాడు.

"పోదు," అన్నాడు. గోడ మీద అరచేత్తో కొట్టి, "ఈ గోడ ఎవర్ది?" అన్నాడు.

అప్పుడు చూశారు మాస్టారు తన గోడని. రోజూ చూస్తున్న గోడే. ప్లాటు వెంబడి తిన్నగా వచ్చి, మూల దగ్గరికి వచ్చేసరికి మోచెయ్యి విసిరినట్టు రోడ్డు మీదికి వచ్చేసింది. ఈశాన్యం పెరిగితే ఇంటికి మంచిదని సిద్ధాంతి చెబితే, అలా పెంచి కట్టుకున్న మూల అది. పునాదికి దారం పట్టిన రోజు ఒక కొస తాపీమేస్త్రీ చేతిలో ఉంటే రెండో కొస మాస్టారి చేతిలోనే ఉంది. ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ రోడ్డు మీదికి జరిగింది ఆయనే. రోడ్డు చివర్న ఎవరు తిరుగుతారండీ అన్నదీ ఆయనే. అది ఈశాన్యం అనుకున్నారు గానీ, అది పోతురాజు దారి అన్న సంగతి బుర్రకి తట్టనే లేదు. రోజుల తరబడి పలకల మీద పడి అరిచారు. పలకలు తీసేస్తే తేలింది ఇది.

వెంకటరాజు పక్కకి వచ్చి మెల్లిగా అన్నాడు. "దారం పట్టిన రోజే అన్నానండి తవరితో, దారి ఇరుకైపోద్దేమోనని. పర్లేదు వదిలేయండన్నారు."

అన్నాడు. ఇప్పుడు గుర్తొచ్చింది.

"ఓనరు ఎక్కడ? పిలవండి," అన్నాడు డ్రైవరు. "ఈ మూల కొంచెం కొడితే చాలు. ఒక గంట."

ట్రాక్టరు మీది మనిషి స్టీరింగు మీద దుమ్ము తుడవడం మొదలుపెట్టాడు. మెట్ల మీద నిలబడ్డ వాళ్ళు మాస్టారినే చూస్తున్నారు. 'నాది' అనాలి. చిన్న మాట. మాస్టారు కళ్ళజోడు తీసి, చొక్కా కొసతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"ఓనరుగారు ఊళ్ళో లేరు బాబూ," అన్నాడు పోతురాజు. "మిషను ఎనక్కి తిప్పెయ్."

వీరదుర్గ మొగుణ్ణి చూసింది. తర్వాత మాస్టారిని చూసింది. వంగి, పేర్చిన సంచులు మళ్ళీ ఎత్తుకుంది.

మిషను వెనక్కి నడిచి వెళ్ళిపోయాక మాస్టారు గట్టు మీద పోతురాజుని పట్టుకున్నారు. "ఆ రోజే చెప్పొచ్చు కదయ్యా!"

"చెప్పానండి."

"దారన్నావు. గోడన్నావా?"

"తవరి గోడ కొట్టేయండని తవరితోనే ఎలాగంటానండి?" పోతురాజు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "చూపించానండి. రెండు మూడు సార్లు అటేపు చూశాను."

మాస్టారు తలొంచుకుని, "మిషను మళ్ళీ ఎప్పుడొస్తుంది?" అని అడిగారు.

"శుక్రవారం దాకా పక్కూళ్ళో ఉంటాదంటండి. ఈలోపు దారుంటే తిరిగొచ్చి కోసేత్తానన్నాడు."

"ఈలోపు నేను గోడ కొట్టిస్తాను."

"ఆయ్," అన్నాడు పోతురాజు.

*

హైమవతి సోలెడు బియ్యం చేటలో పోసుకుని రాళ్ళేరుతోంది. మాస్టారు జరిగిందంతా చెప్పారు. డ్రైవరు అడిగిన మాట చెప్పారు. పోతురాజు ఇచ్చిన జవాబు మాత్రం మింగేశారు.

"మరి ఆ మూల కొట్టేస్తే నువ్వేమంటావో అని," అన్నారు చివరికి.

"నేనేమంటాను? కొట్టించండి."

"గృహప్రవేశం దగ్గర పెట్టుకుని ఈశాన్యం పగలగొట్టడమంటే, నీకేమైనా మనసులో..."

హైమవతి చేట కింద పెట్టింది. "ఈశాన్యం పెంచమన్నది నేనా? ఆ సిద్ధాంతిని తెచ్చిందీ, దారం పట్టిందీ మీరు. ఇప్పుడు నేను వద్దంటాననీ, ఆడది ఒప్పుకోలేదని ఊళ్ళో చెప్పుకోవచ్చనీ చూస్తున్నారు. నా మీద పెట్టకండి. నాకేం అభ్యంతరం లేదు."

మాస్టారికి నిజంగానే అదే ఆశ. అది ఆవిడకి తెలిసిపోవడంతో పొద్దుటి కన్నా ఎక్కువ సిగ్గేసింది. ఆ సిగ్గుకైనా వెంటనే మేస్త్రీకి ఫోన్ చేయాలి. సిద్ధాంతికి చేశారు.

రేపు అమావాస్యండీ, అన్నాడు సిద్ధాంతి. ఈశాన్యం మీద దెబ్బ వేయడానికి అంతకన్నా చెడ్డ రోజు లేదు, శుక్రవారం పొద్దుటే కొబ్బరికాయ కొట్టి మొదలుపెట్టండి, దోషం ఉండదు, అన్నాడు. శుక్రవారం అంటే మిషను ఇంకా పక్కూళ్ళోనే ఉంటుంది కదా అని మాస్టారు లెక్క వేసుకున్నారు. లెక్క సరిపోయింది. పడుకునే ముందు కాస్త తేలిగ్గా కూడా అనిపించింది.

గురువారం మధ్యాహ్నం పదో తరగతికి వైశాల్యాలు చెబుతుండగా గది చీకటి పడింది. కరెంటు పోయింది. కిటికీ రెక్కలు కొట్టుకున్నాయి. పిల్లలు వాన, వాన అని లేచి నిలబడ్డారు. మాస్టారు చేతిలో సుద్దముక్కతో అలాగే నిలబడిపోయారు. ఒక నిమిషం తర్వాత ఆ ముక్కని బల్ల మీద పెట్టి, హెడ్మాస్టరుకి కూడా చెప్పకుండా బండి తీశారు.

మేస్త్రీ ఫోనెత్తి, ఈ వానలో ఎవరొస్తారండీ అన్నాడు. కొత్తింట్లో తాపీవాళ్ళు వదిలేసిన గునపం ఉంది. మాస్టారు దాన్ని ఎత్తి మూల మీద పొడిచారు. గోడ కదల్లేదు. సిమెంటు పాలు ఎక్కువ వేయమని మేస్త్రీ మీద నిలబడి వేయించింది ఆయనే. మళ్ళీ పొడిచారు. కళ్ళజోడు మీద నీళ్ళు కారుతుంటే తీసి జేబులో పెట్టుకున్నారు. అరచేతులు బొబ్బలెక్కి, బొబ్బలు చిట్లి, ఒక ఇటుక ఊడింది. తర్వాత ఇంకోటి. ముహూర్తం ఏమైంది, అమావాస్య ఏమైంది, ఏదీ గుర్తు లేదు. మిషను పట్టేంత సందు పడాలి, అంతే. పొద్దు వాలే వేళకి మూల కూలింది.

సందులోంచి చూస్తే చేను లేదు. ఉంది గానీ నిలబడి లేదు. గాలి ఎటు తోస్తే అటు పడుకుని, కంకులు నీళ్ళలో ఉన్నాయి. పోతురాజు మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, నీళ్ళు బయటికి పోవడానికి పారతో గట్టు తెగ్గొడుతున్నాడు. వీరదుర్గ రెండు చేతులా పడిన దుబ్బుల్ని లేపి నాలుగేసి కలిపి ముడేస్తోంది.

"దారి తీశానయ్యా," అని అరిచారు మాస్టారు. "మిషనుకి ఫోన్ చెయ్యి."

పోతురాజు పార ఆపి, కూలిన గోడ చూశాడు, మాస్టారి చేతులు చూశాడు. "ఇంక మిషను దిగదండి. కూరుకుపోద్ది. ఆళ్ళు కూడా మెరక ఊళ్ళకి ఎల్లిపోయారంట." మళ్ళీ పార ఎత్తాడు. "తవరు తడిసిపోతన్నారు. ఇంటికెల్లండి."

ఒక్కటి తిట్టినా బాగుండును. మాస్టారు తడుస్తూ అక్కడే నిలబడ్డారు. ఎంత సేపు నిలబడినా చేయడానికి ఏమీ లేదు.

*

వాన వెలిశాక కొడవళ్ళతో కోశారు. పోతురాజు తరఫు చుట్టాలు వచ్చారు. బురదలో వంగి, నీళ్ళు కారే పనలు మోపులు కట్టుకుని, కూల్చిన మూలలోంచి ఒక్కొక్కరే బయటికి మోశారు. ఎండబెట్టుకోవడానికి జాగా లేక లేఅవుట్ సిమెంటు రోడ్డు మీదే పరిచారు, మాస్టారి గేటు ముందు నుంచి లేఅవుట్ మొదట్లో ఉన్న టీకొట్టు దాకా. పులిసిన వాసన వేసింది. గింజల్లోంచి తెల్లటి మొలకలు వచ్చేశాయి. ప్లాటు చూడడానికి వచ్చిన ఎవరో కారు ఆపి, ఇదంతా ఏంటండీ, ఎప్పుడు తీస్తారని వెంకటరాజుని అడిగారు. వెంకటరాజు, తీసేస్తారండి, ఈ ఒక్కసారికే, అన్నాడు. మాస్టారు గేటు దగ్గరే ఉండి విన్నారు. టీచర్ల గ్రూపులో తను రాసింది తీసేయబోతే, పాతబడిపోయింది, తీయడానికి వీలు కాలేదు. దాని కింద ఇంకా దణ్ణాలు వస్తూనే ఉన్నాయి.

ఆ పై ఆదివారం పొద్దున్న గృహప్రవేశం పనులు చూసుకోవడానికి కొత్తింటికి వస్తే, మూల దగ్గర తాపీ చప్పుడు వినిపించింది. మేస్త్రీని ఎవరూ పిలవలేదే అనుకుంటూ మాస్టారు అటు వెళ్ళారు. పోతురాజు ఒక్కడే ఉన్నాడు. ఊడిపడిన ఇటుకలకి పాత సిమెంటు గీకి పక్కన పేర్చుకున్నాడు. బస్తాలో మిగిలిన సిమెంటు రేకు బోర్డు మీద కలిపి, కింది నుంచి వరస కట్టుకుంటూ వస్తున్నాడు.

"ఏంటి పోతురాజూ ఇది?"

"ఈశాన్యం బోసిగా ఉండకూడదంటారు కదండీ. పైగా శుభకార్యం పెట్టుకున్నారు."

"వద్దు. ఆపు. అది అలాగే ఉండాలి. రేపు రెండో పంట దాళ్వాకి నీకు దారి కావాలి."

"దాళ్వా లేదండి." పోతురాజు ఇటుక మీద సిమెంటు పరిచి, తాపీతో అంచులు సరిచేశాడు. "చేను రాజుగారికి ఇచ్చేస్తానని ఒప్పేసుకున్నానండి. ఆయన ఆ చెరువు కూడా తీసుకుంటన్నారు. అటేపు నుంచి రోడ్డు ఏసుకుంటారంట. ఇంక ఈ దారితో పన్లేదండి."

మాస్టారు కూల్చిన ఇటుకల కుప్ప మీదే కూర్చున్నారు. సందులోంచి చేను కనిపిస్తోంది. వంకరటింకరగా కోసిన మోళ్ళు, వాటి మధ్య నీళ్ళు.

"మొన్న అందరి ముందూ నేను ఊళ్ళో లేనన్నావు," అన్నారు. "నేనక్కడే నిలబడి ఉన్నాను. ఆ మాట గుర్తొస్తే సిగ్గుతో చచ్చిపోతున్నానయ్యా. నన్ను ఒక్క మాట అను. గట్టిగా అను, ఎవరైనా వింటే విననీ."

పోతురాజు తాపీ ఆగింది. ఆయన వైపు చూశాడు. కళ్ళలో కోపం ఉందేమోనని మాస్టారు వెతికారు. అలసట తప్ప ఏమీ దొరకలేదు.

"కాస్త ఆ ఇటుక అందిస్తారాండి," అన్నాడు పోతురాజు. "కోతకి వంగి వంగి నడుం పట్టేసింది. కిందకి వంగలేకపోతన్నాను."

మాస్టారు లేచారు. బొబ్బలు ఇంకా మానని చేతులతో ఇటుక తీసి అందించారు. పోతురాజు అందుకుని వరసలో పెట్టి, తాపీ పిడితో రెండు దెబ్బలు వేశాడు. మళ్ళీ చెయ్యి చాపాడు. మాస్టారు ఇంకోటి ఇచ్చారు. నడుం దాటింది గోడ, కళ్ళ ఎత్తుకి వచ్చింది. మోళ్ళు కనిపించడం మానేశాయి, తర్వాత గట్టు, ఆ తర్వాత అవతలి చెరువు నీళ్ళు. పై వరసలో ఇటుకకీ ఇటుకకీ ఎడం సమంగా రాలేదు. మాస్టారు చూశారు. ఇంకో ఇటుక అందించారు.